ఆరని నీలిరంగు

ఆ వీధిలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లల దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరికీ ఆవిడ వార్తలమ్మే. రేడియోలో ఏళ్ళ తరబడి వార్తలు చదివి రిటైరైన మనిషి. కూరగాయల కొట్లో "అరకిలో ఉల్లిపాయలు" అన్నా సరే, పక్కనున్నవాళ్ళు ఠక్కున తల తిప్పి "మీరు రేడియోలో..." అనేవారు. గొంతు విని గుర్తుపట్టినవాళ్ళే గానీ ముఖం చూసి గుర్తుపట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. టీవీలు వచ్చాక వార్తలు చదివే పిల్లల బొమ్మలు బస్సుల వెనకా గోడల మీదా పడుతుంటే, "వాళ్ళకు ముఖాలున్నాయి, మాకు నోళ్ళే ఉండేవి" అని నవ్వేసేది. నవ్వేసేదే గానీ ఆ మాట అన్న ప్రతిసారీ లోపల ఏదో కలుక్కుమనేది.

రిటైరయ్యాక ఆవిడ చూపులేనివాళ్ళ కోసం నడుస్తున్న ఒక లైబ్రరీలో పుస్తకాలు చదివి రికార్డు చెయ్యడం మొదలుపెట్టింది. మేడ మీద చిన్న గది, గోడలకు స్పాంజి, పక్క గదిలోకి ఒక అద్దం కిటికీ, ఒక మైకు, ఫ్యాను వేస్తే చప్పుడు పడుతుందని ఫ్యాను లేదు. చెమటలు కక్కుతూ చదివేది. చదివింది సీడీల్లోకి, పెద్ద పుస్తకమైతే డీవీడీల్లోకి ఎక్కేది. వాటిని కవర్లలో పెట్టి వినేవాళ్ళ ఇళ్ళకు పంపేవారు.

లైబ్రరీ చూసుకునేది మాస్టారు. పుట్టుకతోనే చూపులేని మనిషి, ఒకప్పుడు సంగీతం చెప్పేవారు. ప్రతి డిస్కు మీదా బ్రెయిలీ చుక్కలు గుచ్చిన చిన్న ప్లాస్టిక్ ముక్కను ఆయనే అంటించేవారు, ఎన్నో భాగమో వేలితో తడిమితే తెలిసేలా. కానీ వేడికి ఆ జిగురు కరిగిపోయేది. ముక్క ఊడి ప్లేయరు లోపల ఇరుక్కునేది. "మీ డిస్కు మా మిషన్ను మింగేసింది" అని ఫోన్లు వచ్చేవి. కాగితం లేబుళ్ళు అంటించి చూశారు, అదీ అదే తంతు.

చివరికి లైబ్రరీ సంఘంలో మాట్లాడుకుని, అంటించే గొడవే లేకుండా నేరుగా డిస్కు మీద అచ్చువేసే ప్రింటరు కొందామనుకున్నారు. అచ్చు అక్షరాలైతే డిస్కులు సర్దేవాళ్ళకూ, ఇళ్ళలో చూపున్నవాళ్ళకూ పనికొస్తాయి. బ్రెయిలీ చుక్కలు కవరు మీద కార్డులో ఉంటాయి. నూనెమిల్లు యజమాని భార్య డబ్బు ఇస్తానంది.

"ఏది కొనాలో చూసే పని నాకొదిలేయండి" అంది వార్తలమ్మ.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఒక్క మాట అమ్మా. కవరు మీద చుక్కలుంటాయి, సరే. డిస్కు చేతిలోకి తీశాక అది మూడోదో నాలుగోదో మాకెలా తెలుస్తుంది?"

"మళ్ళీ ఆ కవర్లోనే పెట్టుకుంటారు కదా మాస్టారూ."

"అదీ నిజమేలెండి" అన్నారాయన. ఆయన ఒప్పుకున్నది మాట నచ్చి కాదు, ఆవిడ మీద గౌరవం కొద్దీ. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. తెలిసీ ఊరుకుంది.

భర్త పోయాక వార్తలమ్మా, ఆడపడుచూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆడపడుచుకు బజారంటే ప్రాణం, మిషను కొనడానికి ఆమె కూడా బయల్దేరింది. కంప్యూటర్ల కొట్టతను కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తీరిగ్గా అడిగాడు.

"డిస్కు మీద ఏం వేస్తారో ముందు అది చెప్పండమ్మా. దాన్నిబట్టే మిషను."

"పుస్తకం పేరు, ఎన్నో భాగం, లైబ్రరీ పేరు."

"అక్షరాలే కదా. అయితే కళ్ళు మూసుకుని ఇది తీసుకోండి." బూడిదరంగు డబ్బా లాంటి మిషను చూపించాడు. "ఇది వేడితో అచ్చు వేస్తుంది. ఇంకు పని లేదు, రిబ్బను ఉంటుంది. వేసిన మరుక్షణం ముట్టుకోవచ్చు." నమూనా డిస్కు మీద నాలుక తడి చేసిన బొటనవేలితో గట్టిగా రుద్ది చూపించాడు. నల్లటి అక్షరాలు చెక్కుచెదరలేదు. "కాకపోతే డిస్కులు దీని కోసం చేసినవే కొనాలి. ఇంకు మిషను డిస్కులు దీనికి పనికిరావు, దీనివి దానికి పనికిరావు. అక్కడే అందరూ బోల్తా పడతారు."

"మంచిదేగా వదినా, కట్టించెయ్" అంది ఆడపడుచు.

కానీ వార్తలమ్మ చూపు పక్క అర మీదున్న ఇంకో మిషను మీద పడింది. దాని ముందు ఒక డిస్కు నిలబెట్టి ఉంది. దాని మీద ఎవరో చంటిపాప బొమ్మ, బుగ్గల ఎరుపుతో సహా.

"దీంట్లో ఫోటోలు కూడా పడతాయా?"

"ఫోటోల కోసమే కొంటారమ్మా దాన్ని. ఇంకు మిషను. ధర కూడా ఇంచుమించు అంతే." అతను రెండు రకాల డిస్కులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది, రెండోది అద్దంలా మెరుస్తోంది. "ఈ తెల్లదాని మీద ఇంకు త్వరగా ఆరుతుంది గానీ రంగు కాస్త వెలవెలబోతుంది. మెరిసేదాని మీద ఫోటో దివ్యంగా ఉంటుంది. ఆరడానికి మాత్రం ఒక రోజు పూర్తిగా గాలికి పరచాలి. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, చెమట చేత్తో పట్టుకోకూడదు. ఆ ఓపిక ఉంటేనే తీసుకోండి."

"మనకు ఫోటోలెందుకు వదినా?" అంది ఆడపడుచు.

"ఎందుకేంటి, ఇచ్చేవాళ్ళకు కూడా కాస్త కళ్ళకు ఇంపుగా ఉండాలి కదా."

కొట్టతను కళ్ళజోడు దించుకుని బిల్లు పుస్తకం తీశాడు. వార్తలమ్మ రంగుల మిషనూ మెరిసే డిస్కులూ తీసుకుని తన ఇంట్లోనే పెట్టుకుంది. సంఘానికి మాత్రం, "రంగుల మిషనైతేనే అక్షరాలు స్పష్టంగా వస్తాయట" అని చెప్పింది. వార్తలు చదివే గొంతుతో చెప్పింది కాబట్టి ఎవరూ ఎదురు అడగలేదు.

లైబ్రరీ వాళ్ళ వార్షిక సమావేశం దగ్గర పడింది. ఆవిడ చదివిన పెద్ద నవల ఒకటి అప్పుడు విడుదల చెయ్యాలి. వార్తలమ్మ బీరువా అడుగు నుంచి పాత ఫోటో తీసింది. రేడియోలో చేరిన కొత్తలో గుర్తింపు కార్డు కోసం దిగింది. నల్లటి జుట్టు, ముందుకు వేసుకున్న ఒంటి జడ, కెమెరాను నిలదీస్తున్నట్టున్న కళ్ళు.

మొదటి డిస్కు ట్రేలోంచి బయటికి రాగానే ఆడపడుచు పడీపడీ నవ్వింది. డిస్కు మధ్యలో ఉండే చిల్లు సరిగ్గా ఆవిడ నోటి మీద పడింది.

"ఇన్నాళ్ళూ నోరుంది, ముఖం లేదన్నావు. ఇప్పుడు ముఖమొచ్చి నోరు పోయింది."

వార్తలమ్మ ఉడుక్కుని ఫోటోను పక్కకు జరిపింది. వెనక ముదురు నీలం పరిచింది. దాని మీద తన పేరు, కింద నవల పేరు, ఇంకా కింద చిన్న అక్షరాల్లో ఎన్నో భాగమో. అలా జరుపుతూ, మార్చుతూ, ఇంకా బాగా రావాలని మళ్ళీ వేస్తూ రోజులు గడిచిపోయాయి. సమావేశం నాటి పొద్దున ఇంకా కొన్ని డిస్కులు మిగిలే ఉన్నాయి. వాటిని హడావిడిగా అచ్చువేసి, ఫ్యాను కింద కాసేపు ఉంచి, పెట్టెలో సర్దేసింది.

"ఒక రోజు ఆరాలన్నాడు కదా ఆ కొట్టతను?" అంది ఆడపడుచు.

"వాళ్ళు అలాగే చెబుతారు. పైకి ఆరిపోయింది చూడు."

సమావేశానికి హాలు నిండింది. ముందు వరసలో నూనెమిల్లు ఆవిడ కూర్చుంది. వినేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి డిస్కులు అందుకున్నారు. అందుకున్నవాళ్ళలో ఒక అమ్మాయి ఉంది. టెలిఫోన్ ఆపరేటరు శిక్షణ పూర్తిచేసి ఉద్యోగం కోసం తిరుగుతోంది, అందరూ ఆపరేటరమ్మాయి అంటారు. లైబ్రరీలో ఆ అమ్మాయి విన్నన్ని పుస్తకాలు ఇంకెవరూ వినలేదు. ఇస్త్రీ మడత చెదరకుండా బట్టలు వేసుకుని, జుట్టు బిగించి దువ్వుకుని వచ్చింది. డిస్కు అందగానే కవర్లోంచి తీసి వేళ్ళతో నెమ్మదిగా తడమడం మొదలుపెట్టింది. ఎప్పుడూ చుక్కలుండే చోట చుక్కల కోసం వెతుకుతోంది.

అప్పుడే నూనెమిల్లు ఆవిడ తన చేతిలోని డిస్కును పైకెత్తింది.

"అబ్బ, మీ ఫోటో కూడా వేశారే. ఎంత బాగుందో."

వెనక వరసలోంచి ఒక పెద్దాయన అడిగాడు. "ఏం వేశారండీ?"

"మేడం గారి ఫోటో. రంగుల్లో. డిస్కు మీదే."

అంత మందిలో ఒక కుర్చీ కిర్రుమన్నది, అంతే. వార్తలమ్మకు చెవులు వేడెక్కాయి. ఇంట్లో కూర్చుని అచ్చువేస్తున్నప్పుడు ఈ బొమ్మ ఎవరి చేతుల్లోకి వెళ్తుందో ఆవిడకు తెలియక కాదు. తెలుసు. కానీ తెలిసిన సంగతి ఇలా గదిలోకి వచ్చి నిలబడుతుందని అనుకోలేదు.

పెద్దాయనే మళ్ళీ అందుకున్నాడు, నిజమైన ఆసక్తితో. "ఎలా ఉంటారో చెప్పండి మరి. ఇన్నేళ్ళుగా వింటున్నాం, ఎవరూ చెప్పలేదు."

నూనెమిల్లు ఆవిడ ఫోటో చూస్తూ చెప్పుకుపోయింది. నల్లటి జుట్టనీ, పొడుగు జడనీ, పెద్ద కళ్ళనీ. ఆవిడ ఫోటోలో ఉన్నదే చెప్పింది, పక్కనున్న మనిషి వంక చూడలేదు.

"అయితే మీరు చాలా చిన్నవారే" అన్నాడు పెద్దాయన ఆశ్చర్యంగా. "గొంతునిబట్టి పెద్దావిడనుకున్నాం."

వార్తలమ్మ నెరిసిన తల వంచుకుని, నోరు తెరిచి మూసింది. "ఆ ఫోటో పాతదండీ" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట అనలేదు. పైకి వినబడేలా చిన్నగా నవ్వింది, అంతే. ఆ నవ్వును వాళ్ళంతా అవునన్నట్టే తీసుకున్నారు.

టీలు, బిస్కట్లు అయ్యాయి. వెళ్ళేముందు ఆపరేటరమ్మాయి కర్ర తాటించుకుంటూ ఆవిడ దగ్గరికి వచ్చింది. వార్తలమ్మ తలెత్తి చూసి కొయ్యబారిపోయింది. ఆ అమ్మాయి కుడి బుగ్గ మీంచి గడ్డం దాకా నీలం చార ఉంది. వేళ్ళు నాలుగూ నీలంగా ఉన్నాయి. సభ జరిగినంతసేపూ ఆ డిస్కును చేతిలోనే పెట్టుకుని తడుముతూ కూర్చుంది. ఆ వేళ్ళతోనే చెమట తుడుచుకుంది.

"అమ్మా, నేను ఇట్నుంచి ఇటే ఇంటర్వ్యూకి వెళ్తున్నాను. పెద్ద కంపెనీ. మీరొకసారి చూసి చెప్పండి, సరిగ్గా ఉన్నానా?"

పక్కనే నూనెమిల్లు ఆవిడ "రంగులు ఎంత ముచ్చటగా పడ్డాయో" అని ఎవరితోనో అంటోంది. ఇప్పుడు చెబితే తడిగుడ్డ తేవాలి, ఏమైందని అడుగుతారు, ఇంకు ఆరలేదని చెప్పాలి, అన్ని డిస్కులూ బయటికి తీసి చూస్తారు. వార్తలమ్మ ఒక్క నిమిషం ఆగుదాం, ఈవిడ అటు వెళ్ళగానే చెబుదాం అనుకుంది.

"బాగున్నావమ్మా" అంది. "అంతా బాగుంది."

ఆ అమ్మాయి ముఖం విప్పారింది. అప్పుడే ఎవరో "టాక్సీ వచ్చింది" అని గుమ్మం దగ్గర నుంచి కేకేశారు. వార్తలమ్మ అడుగు ముందుకు వేసేలోగా నూనెమిల్లు ఆవిడ చెయ్యి పట్టుకుని, ఇంకో పుస్తకం ఎప్పుడని అడిగింది. టాక్సీ తలుపు వేసిన చప్పుడు హాల్లోకి వినబడింది.

తర్వాతి వారం వార్తలమ్మ లైబ్రరీకి వెళ్ళేసరికి మాస్టారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. బల్ల మీద తిరిగొచ్చిన డిస్కులున్నాయి. ఒక కవరుకు డిస్కు అతుక్కుపోయింది. ఒకాయన నాలుగో భాగం ముందు విని, నవలలో పెద్దవాడు చనిపోయాడని తెలిసిపోయిందని ఫోన్లో వాపోయాడట.

"అవన్నీ సరిచేసుకోవచ్చు లెండి" అన్నారు మాస్టారు. "ఆపరేటరమ్మాయి విషయమే మనసుకు కష్టంగా ఉంది."

ఆయన చెప్పారు. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారని ఆ అమ్మాయికి వినబడింది. ఎందుకు నవ్వుతున్నారని అడిగితే "ఏం లేదు, ఏం లేదు" అన్నారు. కుర్చీ వెతుక్కున్నందుకో, కర్ర చప్పుడుకో నవ్వారనుకుంది. నోటికొచ్చినట్టు నాలుగు మాటలు అనేసి లేచి వచ్చేసింది. ఇంటికొచ్చాక తల్లి చూసి ముఖం మీద ఈ రంగేమిటని అడిగింది. సబ్బుతో రుద్దినా సగమే పోయిందట.

"హాల్లో చూపున్నవాళ్ళు అయిదారుగురన్నా ఉన్నారు కదమ్మా. ఎవరికీ కనబడలేదా అని నా బాధ."

"గమనించి ఉండరు మాస్టారూ" అంది వార్తలమ్మ. ఆ మాట ఏ తడబాటూ లేకుండా వచ్చింది. అలా వచ్చినందుకే ఆవిడకు ఒళ్ళు చచ్చిపోయినట్టయింది.

ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. ఆడపడుచు కంచం తీస్తూ, "ఏమైంది వదినా?" అని అడిగింది. వార్తలమ్మ గోడకేసి తిరిగి జరిగిందంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ వెనక్కి తిరగలేదు.

"నువ్వు చూశావా?"

"చూశాను."

ఆడపడుచు ఏదో ఒకటి అని తేలికచేసే మనిషి. ఈసారి తేలికచెయ్యలేదు. కంచం తీసుకెళ్ళి కడిగేసి వచ్చి, "ఆ పిల్లకి చెప్పాలి మరి" అంది.

వార్తలమ్మకు ఉత్త చేతులతో వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. ముందు ఆ కంపెనీకి వెళ్ళింది. అక్కడ ఇంటర్వ్యూ చేసిన ఆఫీసరు ఎదురుగా కూర్చోబెట్టి విన్నాడు. తప్పు తనదనీ, రంగు తన డిస్కుదనీ ఆవిడ చెప్పింది.

"ఆ పోస్టు భర్తీ అయిపోయింది మేడం. అయినా ఆ అమ్మాయి చాలా దురుసుగా మాట్లాడింది."

"మీరు నవ్వారు కదండీ."

అతను కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు. "మాలో ఒకళ్ళు చెప్పాల్సింది" అన్నాడు. మళ్ళీ తనే, "చెప్పబోయాం. ఎలా చెప్పాలో తెలియలేదు" అన్నాడు. ఆవిడ లేచి వచ్చేసింది. అతన్ని తప్పుపట్టే హక్కు తనకు లేదు.

ఆపరేటరమ్మాయి ఇల్లు రెండు గదులది. తల్లి తలుపు తీసి, లోపలికి రమ్మని, కుర్చీ తుడిచి వేసింది. మీలాంటి పెద్దవాళ్ళు మా ఇంటికి రావడమేమిటని మొహమాటపడింది. ఆ మర్యాదకు వార్తలమ్మ ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. అమ్మాయి మంచం అంచున ఉంది. బుగ్గ మీద ఇప్పుడేమీ లేదు. గోళ్ళ మొదళ్ళలో మాత్రం నీలం ఇంకా ఉంది.

"ఆ రోజు నీ ముఖానికి రంగు అంటింది. అది నా డిస్కుదే. ఆరకుండా తెచ్చాను" అంది వార్తలమ్మ.

"అమ్మ చెప్పింది. డిస్కుదే అయ్యుంటుందని మాస్టారు కూడా అన్నారు." అమ్మాయి గొంతు మామూలుగా ఉంది. "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది కదమ్మా. మీకు తెలిసి చేశారా ఏంటి."

అక్కడితో ఆపేసి లేచి రావచ్చు. తల్లి టీ పెట్టడానికి లేచింది కూడా. వార్తలమ్మకు ఆ దారి తలుపంత స్పష్టంగా కనబడింది.

"నేను చూశాను" అంది. "నువ్వు అడిగినప్పుడు నీ బుగ్గ మీద రంగు ఉంది. చూస్తూనే బాగున్నావన్నాను."

తల్లి గుమ్మంలో ఆగిపోయింది. అమ్మాయి ముఖం ఇటు తిప్పింది.

"ఎందుకు?"

"సిగ్గేసి. నా ఫోటో బాగుందని అందరూ అంటుంటే, ఆ రంగు ఊడుతోందని చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత చెబుదామనుకున్నాను. నువ్వు వెళ్ళిపోయావు."

"ఫోటో కోసమా" అంది అమ్మాయి, ఆ మాట సరిగ్గా విన్నానో లేదో చూసుకుంటున్నట్టు.

"ఫోటో కోసమే. అది కూడా ఇప్పటిది కాదు. నా జుట్టు నెరిసిపోయి చాలా ఏళ్ళయింది."

"నాకు మీ జుట్టుతో పనేముందమ్మా?" మొదటిసారి ఆ గొంతులో వేడి తగిలింది. "నేను బయటికెళ్ళే ముందు ఎవరినో ఒకరిని అడగాలి. అడక్క తప్పదు. అందరినీ అడగను. కొందరు జాలిపడతారు, కొందరు ఏదో ఒకటి చెప్పి వదిలించుకుంటారు. చిన్నప్పట్నుంచీ మీ గొంతు వింటున్నాను కదా, మీరు ఉన్నదే చెబుతారనుకున్నాను."

వార్తలమ్మ తల ఎత్తలేదు. ఎత్తినా దించినా ఆ అమ్మాయికి తేడా లేదు, అయినా ఎత్తలేకపోయింది.

"ఆ కంపెనీకి వెళ్ళాను" అంది మెల్లగా. "తప్పు నాదని చెప్పాను. పోస్టు భర్తీ అయిపోయిందన్నారు."

"నన్ను అడక్కుండానే వెళ్ళారా?" అమ్మాయి లేచి నిలబడింది. "వాళ్ళను నాలుగు తిట్టి వచ్చానన్నదొక్కటే నాకు మిగిలింది. ఇప్పుడు వాళ్ళు ఎవరో పెద్దావిడ వచ్చి నా తరఫున బతిమాలుకుందని చెప్పుకుంటారు. ఎందుకమ్మా, మీరు తేలికపడటానికా?"

తల్లి, "ఊరుకోవే, ఇంటికొచ్చిన మనిషిని" అంది. అమ్మాయి ఊరుకుంది. టీ వచ్చింది. వార్తలమ్మ తాగలేకపోయింది, వదిలేస్తే బాగుండదని తాగింది. వెళ్ళొస్తానంటే అమ్మాయి "సరే" అంది. తల్లి వీధి చివరిదాకా వచ్చి దారి చూపించింది. ఆ మర్యాద కూడా ఆవిడకు బరువే అయింది.

మర్నాడు మాస్టారు దగ్గర మొత్తం చెప్పేసింది. కొట్టతను అక్షరాలకు వేడి మిషనే మంచిదన్న సంగతీ, అక్షరాలు స్పష్టంగా వస్తాయన్నది తాను అల్లిన మాటేనన్న సంగతీ. మాస్టారు విని, బల్ల అంచును వేళ్ళతో కాసేపు తట్టి, "మరి ఇప్పుడేం చేద్దాం?" అన్నారు. ఆయన కోప్పడి ఉంటే ఆవిడకు సుఖంగా ఉండేది.

నెలవారీ సమావేశంలో లేచి నిలబడి, ఆ ఫోటో పాతదని చెప్పింది. పెద్దాయన నవ్వాడు. "గొంతు అబద్ధం చెప్పదని నేనప్పుడే అనుకున్నాను" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మంచితనంతో వాళ్ళు ఆవిడను వదిలేశారు. వెనక వరసలో ఆపరేటరమ్మాయి కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదు.

సభ అయ్యాక ఆ అమ్మాయే మాస్టారు బల్ల దగ్గరికి వచ్చి, ఎవరితో అంటున్నదీ చెప్పకుండా అంది. "ఇక మీదట డిస్కులు బయటికి వెళ్ళేముందు నాకు చూపించండి. ఉద్యోగం దొరికేదాకా ఖాళీగానే ఉంటాను."

అలా ఆ అమ్మాయి రావడం మొదలుపెట్టింది. కొట్టతను సణుక్కుంటూనే మిషను వెనక్కి తీసుకుని బూడిదరంగుది ఇచ్చాడు. ఇప్పుడు డిస్కు మీద నల్లటి అక్షరాలు మూడు వరసలే ఉంటాయి. ప్రతి డిస్కు మొదట్లో పుస్తకం పేరూ ఎన్నో భాగమో గొంతుతోనే చెప్పాలని అమ్మాయి పట్టుబట్టింది. అందుకోసం వార్తలమ్మ పాత పుస్తకాలన్నిటికీ మళ్ళీ మైకు ముందు కూర్చుని, "ఇది ఒకటో భాగం", "ఇది రెండో భాగం" అని చెప్పుకుంటూ పోయింది. అమ్మాయి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కో డిస్కూ వినేది. ఇద్దరి మధ్యా పని మాటలే నడిచేవి. మధ్యలో టీ వస్తే ఎవరి గ్లాసు వాళ్ళు తీసుకునేవారు. ఒకసారి వార్తలమ్మ ఆగలేక, "నీకు ఇంకా కోపం ఉందా?" అని అడిగింది. "తెలియదు" అంది అమ్మాయి. ఆవిడ ఇంకెప్పుడూ అడగలేదు.

వానలు మొదలయ్యాక ఆ అమ్మాయికి వేరే చోట, ఒక ఆస్పత్రి టెలిఫోన్ స్విచ్‌బోర్డు దగ్గర ఉద్యోగం దొరికింది. ఇక రాదేమో అనుకుంది వార్తలమ్మ. సెలవు రోజున యథాప్రకారం వచ్చి, తడిసిన గొడుగు మూల పెట్టి, హెడ్‌ఫోన్లు అందుకుంది. ఆ రోజు కొత్త నవల మొదలుపెట్టారు. వార్తలమ్మ మొదటి అధ్యాయం చదివింది. చాలా రోజుల తర్వాత కథలో పడి తనను తాను మరిచిపోయి చదివింది. చివరి వాక్యం అయ్యాక అద్దం అవతల ఉన్న అమ్మాయి వైపు చూసింది.

అమ్మాయి తన వైపున్న మైకు మీట నొక్కింది.

"మూడో పేజీ తిప్పిన చప్పుడు పడింది. అక్కడ్నుంచి మళ్ళీ చదవండి."

వార్తలమ్మ చెమట తుడుచుకుని, పేజీ వెనక్కి తిప్పి, మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.